నా కోపానికి కారణం ఇడ్లీ అట



ఈ ఇంట్లో నాకు కోపం తెచ్చుకునే హక్కు పోయింది. ఓటు హక్కుంది. ఇంటి పన్ను కట్టే హక్కుంది. గ్యాస్ బండ బుక్ చేసే హక్కు నా ఒక్కడికే ఉంది. కోపం మాత్రం నాది కాదట, పొద్దున తిన్న ఇడ్లీలదట.

బెజవాడ మే నెల ఎండలో చెమటలు కక్కుతూ ఇంటికొచ్చి, అపార్ట్‌మెంటు మెయింటెనెన్స్ మళ్ళీ పెంచారన్న కాగితం చూసి ఒక మనిషి గొంతు పెంచాడంటే, కారణం ఆ కాగితమే అనుకుంటారు ఎవరైనా. మా ఇంట్లో అలా అనుకోరు. "ఏమైందండీ" అని అడిగే మా ఆవిడ ఇప్పుడు "ఏం తిన్నారండీ" అని అడుగుతుంది. నేను కాగితం చదివి వినిపిస్తుంటే మా అమ్మాయి గడియారం చూస్తుంది. "తిని మూడు గంటలైంది కదా నాన్నా, షుగర్ పడిపోయి ఉంటుంది" అంటుంది. వెంటనే గుప్పెడు వేయించిన వేరుశనగ గుళ్ళు నా చేతిలో పడతాయి.

అవి తిన్నాక కోపం నిజంగానే తగ్గుతుంది. నా అసలు ఫిర్యాదు ఇదే. న్యాయమైన కోపాన్ని పల్లీలిచ్చి కొనెయ్యడం లంచం కిందికి వస్తుందా, బెదిరింపు కిందికి వస్తుందా, చట్టం తెలిసినవాళ్ళు చెప్పాలి. మెయింటెనెన్స్ మాత్రం పెరిగింది పెరిగినట్టే ఉంది.

ఈ పాలన ఎలా వచ్చిందో మనవి చేస్తాను. మా అమ్మాయిది హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కంపెనీవాళ్ళు ఇంటి నుంచే పని చేసుకోమన్నారు. ఆ పనిలో సగం నా మీదే జరుగుతోందని వాళ్ళకు తెలియదు. వచ్చీ రాగానే నాకు రక్తపరీక్షలన్నీ చేయించింది. మూడు నెలల చక్కెర సగటు చెప్పే పరీక్ష ఒకటుంది, హెచ్‌బీఏ1సీ అని. అందులో 5.7 కంటే తక్కువ వస్తే మామూలు మనిషి. 6.5కి చేరితే మధుమేహం. ఈ రెంటికీ నడుమ ఉన్నవాళ్ళని ప్రీ డయాబెటిక్ అంటారు. రైల్లో ఆర్‌ఏసీ లాంటిది, కూర్చోనిస్తారు గానీ పడుకోనివ్వరు. నేను ఆర్‌ఏసీలో ఉన్నాను. "నాకు షుగర్ లేదు కదే" అంటే "ఇంకా లేదు" అంటుంది. ఆ 'ఇంకా' అనేటప్పుడు నా మొహం చూడదు, పొట్ట చూస్తుంది.

తర్వాత నా జబ్బకు వెనకవైపు రూపాయి బిళ్ళంత యంత్రం అంటించింది. దానికి వెంట్రుకంత తీగ ఉంటుంది. అది చర్మం కింద ఉండే ద్రవంలో గ్లూకోజు ఎంతుందో ఎప్పటికప్పుడు చూసి ఫోనుకు చెబుతుంది. రెండు వారాలు పనిచేస్తుంది. ఫోను నాదే, కానీ కబురు దాన్ని దాటి మా అమ్మాయి ఫోనుకు వెళ్ళేలా ఏర్పాటు చేశారు. ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజు. పరాయి సొమ్ము కాదనలేక కేకు ముక్క నోట్లో వేసుకున్నాను. కొవ్వొత్తి పొగ ఇంకా ఆరలేదు, ఇంటి నుంచి ఫోను. "నాన్నా, ఏం తిన్నావ్?" పెళ్ళయిన కొత్తలో మా మామగారు కూడా నా మీద ఇంత నిఘా పెట్టలేదు.

ఇక ఇడ్లీల సంగతి. తెల్లగా, మెత్తగా, నూనె చుక్క లేకుండా, జ్వరం వచ్చినవాడికి డాక్టర్లే పెట్టమనే ఇడ్లీ మీద నేరం మోపుతారని నేను కలలో కూడా అనుకోలేదు. నాలుగు ఇడ్లీలు, కారప్పొడి, నెయ్యి, చివర ఒక కాఫీ. గంట తిరక్కుండా ఫోనులో గీత ఇంద్రకీలాద్రి ఎక్కింది. ఆ తర్వాత దిగడం మొదలుపెట్టి, బయలుదేరిన చోటు కూడా దాటి ఇంకా కిందికి పోయింది. మా అమ్మాయి వివరణ ఏమిటంటే, బియ్యపు రవ్వ ఉడికి మెత్తబడ్డాక పేగుల్లో ఆట్టే సేపు నిలవదు, గ్లూకోజంతా ఒక్కసారే రక్తంలో పడుతుంది. క్లోమం కంగారుపడి ఇన్సులిన్ దండిగా వదులుతుంది. కొందరిలో ఆ ఊపుకు చక్కెర ఉండాల్సినదానికంటే కిందికి జారుతుంది. అప్పుడు ఒళ్ళు ప్రమాదం వచ్చిందనుకుని అడ్రినలిన్, కార్టిజాల్ విడుదల చేస్తుంది. గుండె దడ, అరచేతుల్లో చెమట, ఎదుటివాడు నోరు తెరిస్తే చిరాకు. పులి ఎదురైతే పుట్టే రసాయనం కూడా అదేనట.

నా ఎదురుగా పులి లేదు. మా సూపరింటెండెంటు ఉన్నాడు. ఆయన మీద ఎన్నో ఏళ్ళుగా, ఎంతో ఆలోచించి, ఎన్నో రుజువులతో ఏర్పరచుకున్న అభిప్రాయం నాకొకటుంది. అది పదకొండున్నరకే ఎందుకు బయటపడుతుందో ఆ గీత చూపించి మా అమ్మాయి నిరూపించింది. జీవితకాలపు పరిశీలనను నాలుగు ఇడ్లీల కింద జమకట్టేశారు.

ఆ యంత్రం ఒక్కసారి మాత్రం నా పక్షాన సాక్ష్యం చెప్పింది. పెసరట్టు తిన్నరోజు గీత కాస్త లేచి, మర్యాదగా నడిచి, మెల్లగా దిగింది. పొట్టుతో నానబోసిన పెసలు కదా, పీచుంది, వంద గ్రాములకు ఇరవై గ్రాములకు పైగా మాంసకృత్తులున్నాయి, గ్లూకోజు నింపాదిగా వస్తుంది. మధ్యాహ్నం దాకా నాకు ఆకలి వెయ్యలేదు, సూపరింటెండెంటు కూడా ఫరవాలేదనిపించాడు. గెలిచానని ఇల్లంతా చాటాను. మర్నాడు పెసరట్టు వచ్చింది, లోపల ఉప్మా లేదు. రవ్వ కదా, తీసేశారు. ఉప్మా ఉంటేనే దాన్ని ఎమ్మెల్యే పెసరట్టు అంటారు. ఉత్త పెసరట్టుకు వార్డు మెంబరు హోదా కూడా దక్కదు. అల్లం పచ్చట్లో బెల్లం ఎక్కడుందని అడగబోయి ఊరుకున్నాను. అడిగితే అట్టు కూడా పోతుందని భయం.

ఇంతవరకూ భరించాను. చివరికి భోజనం వరస మీద చెయ్యి వేశారు.

విస్తరి ముందు కూర్చున్న తెలుగువాడికి ఎవరూ చెప్పక్కర్లేని వరస ఒకటుంది. మొదటి ముద్దకు కందిపొడో పచ్చడో, దాని మీద నెయ్యి. తర్వాత పప్పు. తర్వాత కూర. ఆపైన పులుసు, చారు. ఆఖర్న పెరుగు, పక్కన ఊరగాయ బద్ద. ఈ దారి పొడుగునా అన్నం తోడుంటుంది. ఇప్పుడు మా ఇంట్లో ముందు కూర ఉత్తగా తినాలి. తర్వాత పప్పు, అదీ గిన్నెలో పోసుకుని చెంచాతో. అవి అయ్యాక అన్నం. అప్పటికి నాకు అన్నం మీద ఆశ, కడుపులో చోటు రెండూ తగ్గిపోవాలని వాళ్ళ ఎత్తు.

దీనికి ఆధారం ఏమిటని నిలదీశాను. 2015లో న్యూయార్కులో వీల్ కార్నెల్ వైద్య కళాశాల వాళ్ళు చేసిన అధ్యయనం తీసి చూపించింది. కూరగాయలు, మాంసం ముందు తిని, పావుగంట ఆగి రొట్టె తిన్నప్పుడు, అదే భోజనాన్ని రొట్టెతో మొదలుపెట్టిన రోజుకంటే రక్తంలో చక్కెర బాగా తక్కువగా పెరిగిందట. మొత్తం చదివాను. ఆ అధ్యయనంలో ఉన్నది పదకొండు మంది. అందరూ మధుమేహం ఉన్నవాళ్ళే. తిన్నది కోడిమాంసం, ఆకులు, ఇటలీ రొట్టె, నారింజ రసం. అందులో గోంగూర ఎక్కడుంది? మా అపార్ట్‌మెంటు సర్వసభ్య సమావేశానికి కూడా పదకొండు మంది వస్తే కోరం లేదని వాయిదా వేస్తారు. "సూత్రం ఒకటే నాన్నా. పీచు, మాంసకృత్తులు ముందు పోతే పొట్ట మెల్లగా ఖాళీ అవుతుంది" అంది. పిల్లల్ని చదివించడం మన చేతుల్లో ఉన్న పని. వాళ్ళతో వాదించడం కాదు.

అయినా ఒక సాంకేతిక అభ్యంతరం లేవనెత్తాను, దానికి ఈనాటికీ జవాబు రాలేదు. మన కూరలో ఉప్పూ కారం ఒక్క కూరకే సరిపడా వెయ్యరు, కలుపుకోబోయే అన్నానికి కూడా లెక్కగట్టి వేస్తారు. గుత్తివంకాయ కూర ఉత్తగా తింటే కళ్ళు వాటంతటవే మూసుకుంటాయి. గోంగూర పచ్చడి ఉత్తగా తినమనడం శిక్షాస్మృతిలో చేర్చదగిన ఆలోచన. రోజుకు ఉప్పు 5 గ్రాములు దాటొద్దని మళ్ళీ వీళ్ళే అంటారు, అంటే ఒక చెంచాడు. ఆవకాయ ఒక్కటే ఆ కోటాలో ఎంత తింటుందో లెక్క వేస్తే పచ్చళ్ళ జాడీ మీద తెల్లగుడ్డ కప్పెయ్యాలి. చివరికి మా ఆవిడ రాజీమార్గం కనిపెట్టింది. బీన్సు, క్యారెట్టు ఆవిరి మీద ఉడకబెట్టి, ఇంత కొబ్బరి కోరు, తిరగమోత వేసి, ఉప్పు వేశాననే భ్రమ కల్పించి, కంచంలో సగం మేర పరుస్తుంది. మిగతా సగంలో పప్పుకు పావు, అన్నానికి పావు. ఆ పావులో అన్నం పెట్టుకుని పప్పు, పులుసు, చారు, పెరుగు నాలుగూ కలుపుకోవాలి. నాలుగు కొంపలకు ఒక్క వీధి పంపు.

భోజనం అయ్యాక కునుకు తీసే హక్కు కూడా ఉండేది. ఆదివారం పెరుగన్నం తిని, ఫ్యాను కింద చాప వేసుకుని, భుక్తాయాసంతో ఒక పక్కకు ఒరిగితే ఆ సుఖం ముందు ఏ పదవీ చాలదు. దాన్నీ జబ్బుల జాబితాలో వేశారు. ఇక్కడ నేను చదివిన చదువు కాస్త పనికొచ్చింది. మధ్యాహ్నం ఒంటిగంటకూ మూడింటికీ మధ్య మనిషి ఒంట్లోని గడియారమే మందగిస్తుంది, అన్నం తినకపోయినా ఎంతో కొంత మత్తు వస్తుంది. కాబట్టి తప్పు గడియారానిది, అన్నానిది కాదు అని వాదించాను. "గడియారం పది నిమిషాల కునుకు అడుగుతుంది. నీ అన్నం రెండు గంటలు అడుగుతోంది" అని కొట్టేసింది. తినగానే పది నిమిషాలు నడవాలట. కాళ్ళ కండరాలు కదిలితే రక్తంలో గ్లూకోజును అవే లాక్కుంటాయట. బెజవాడలో మధ్యాహ్నం రెండింటికి బయట నడిచేవాళ్ళకి పిచ్చన్నా ఉండాలి, కొరియర్ ఉద్యోగమన్నా ఉండాలి. అందుకని అపార్ట్‌మెంటు వసారాలో ఈ చివరి నుంచి ఆ చివరికి లుంగీతో నడుస్తున్నాను. ఎదురింటివాళ్ళు రెండుసార్లు చూసి, మూడోసారి తలుపు తీసి, "ఏం మాస్టారూ, ఇంట్లో ఏమన్నా గొడవా?" అని అడిగారు. లేదన్నాను. నమ్మలేదు.

మా అమ్మైనా నా పక్షాన నిలబడుతుందనుకున్నాను. ఆవిడ పల్నాడులో పుట్టింది. చిన్నప్పుడు రోజూ జొన్నన్నమో కొర్రన్నమో, వరన్నం పండక్కి. బాపట్ల పక్కన కాలవ కింద పొలం ఉన్న మా నాన్నకి ఇచ్చి చేశారంటే అందులో తెల్లన్నం వాటా పెద్దదే. తర్వాత 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చి, వాళ్ళ పుట్టింట్లో కూడా జొన్నలు వెనకబడ్డాయి. 1986లో మా బాపట్ల పరిశోధన కేంద్రం నుంచే బీపీటీ 5204 విడుదలైంది. జనం సాంబ మసూరి అని పిలుచుకునే ఆ సన్నబియ్యం దేశమంతా తింటోంది. అది మా ఊరి గర్వం. ఆ గర్వాన్ని మూటగట్టి అటక మీద పెట్టి, మా అమ్మాయి కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఊదలు తెచ్చింది. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిందంటూ మా అమ్మకు చెప్పింది. మా అమ్మ సంచి మీద ధర చూసి, "ఒరేయ్, కొర్రలు బియ్యం కంటే ప్రియమా? ఇది తప్పించుకోవడానికే కదరా మా నాన్న నన్ను డెల్టాకిచ్చింది" అని నోరు వెళ్ళబెట్టింది. సాక్షి నావైపు తిరిగిందనుకునేలోపు రెండు ముద్దలు తిని, "మా అమ్మ వండినట్టే ఉందే" అని మనవరాలి బుగ్గలు నిమిరింది. అంతటితో నా తరఫు సాక్షులు అయిపోయారు.

మధ్యేమార్గంగా తెలంగాణ సోనా తెప్పించారు. ఆర్‌ఎన్‌ఆర్ 15048 అని, రాజేంద్రనగర్‌లో తయారైన రకం. గ్లైసీమిక్ సూచిలో 55 లోపు ఉంటే చక్కెర నెమ్మదిగా పెరుగుతుందని లెక్క, ఇది 51 దగ్గర ఉందట. బాపట్లవాణ్ణి కాబట్టి రుచి గురించి నేనేమీ మాట్లాడను. బాగానే ఉంది అనడం నా చేత కాదు.

ఇంట్లో ఎవరు ఏ ఆంక్ష పెట్టినా చివరికి ఒక పుస్తకం బయటికొస్తుంది. హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, వాళ్ళు 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు. మొత్తం పదిహేడు. ఈ సంస్థ 1918లో నీలగిరుల్లోని కూనూరులో ఒకే ఒక్క గదిలో, బెరిబెరి జబ్బు మీద విచారణకు మొదలైంది. మరలో తెల్లగా పట్టించిన పచ్చిబియ్యం మీదే బతికే జనానికి తవుడుతో పాటు బి1 విటమిన్ పోయి, కాళ్ళు మొద్దుబారి, నీరసించి మంచం పట్టేవాళ్ళు. మన సర్కారు జిల్లాల్లో ఆ జబ్బు బాగా ఉండేది. ఉడకబెట్టి ఆరబోసి దంచిన ఉప్పుడు బియ్యం తినేవాళ్ళ జోలికి మాత్రం పెద్దగా వచ్చేది కాదు, ఉడికేటప్పుడు ఆ విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది కాబట్టి. 1958లో సంస్థను కూనూరు చలి నుంచి తెచ్చి హైదరాబాదులో పెట్టారు. తిండి విషయంలో నిగ్రహం బోధించే సంస్థను బిర్యానీ ఊళ్ళో పెట్టిన అధికారి ఎవరో గానీ, హాస్యం తెలిసినవాడు.

ఆ పుస్తకం నా కాఫీ మీద కూడా పడింది. గ్లాసెడు ఫిల్టర్ కాఫీలో, అంటే 150 మిల్లీలీటర్లలో, 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది, రోజుకు 300 దాటకూడదు. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. కాబట్టి సాయంత్రం అయిదింటి కాఫీ రాత్రి పదింటికి ఇంకా సగం మేలుకునే ఉంటుంది, దానితో పాటు నేను కూడా. నిద్ర చాలకపోతే పొద్దున్నే తీపి మీదికి, నూనె మీదికి మనసు పోతుందట. ఇదంతా నిజమే కావచ్చు. నిజమైనంత మాత్రాన మూడింటి తర్వాత కాఫీ పొడి డబ్బా కనబడకుండా పెట్టాలా? రాత్రి భోజనం ఏడున్నరకి మార్చడం మీద నేను విడిగా మరో ఫిర్యాదు రాసుకుంటాను, ఇక్కడ చోటు చాలదు.

మనసు మాట ఎలాగూ వచ్చింది. "మూడ్ అంతా పొట్టలోనే ఉంది నాన్నా, సెరటోనిన్ తొంభై శాతం తయారయ్యేది పేగుల్లోనే" అని మా అమ్మాయి తరచూ అంటుంది. దీని మీద మాత్రం నేను బాగా సిద్ధమై వెళ్ళాను. పేగుల్లో తయారైన సెరటోనిన్ పేగుల పనికే సరి. రక్తానికీ మెదడుకూ నడుమ ఒక గోడ ఉంది, దాన్ని అది దాటలేదు. మెదడు తనది తానే తయారు చేసుకుంటుంది. ఈ మాట అనగానే తను కాసేపు నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దం నా జీవితంలో మధురమైన ఘట్టాల్లో ఒకటి. తర్వాత ఆస్ట్రేలియావాళ్ళ సంగతి తీసింది. 2017లో వచ్చిన పరీక్ష, డిప్రెషన్‌తో బాధపడుతున్న 67 మంది. సగం మందికి పన్నెండు వారాల పాటు కూరగాయలు, పప్పులు, చేపలు, గింజలు, ఆలివ్ నూనె తినేలా సలహాదారును పెట్టారు. మిగతావాళ్ళకు కబుర్లు చెప్పే తోడు. మొదటివాళ్ళలో మూడోవంతు మందికి జబ్బు దాదాపు తగ్గిపోయింది, రెండోవాళ్ళలో 8 శాతం మందికే. చిన్న పరీక్షే, మందులు మానెయ్యమని వాళ్ళూ అనలేదు. కానీ ఫలితం తీసిపారెయ్యలేను. నాకున్నది డిప్రెషన్ కాదు, సూపరింటెండెంటు. దానికి ఎవరూ పరీక్ష పెట్టలేదు.

ఇంతటి శాస్త్రజ్ఞానం ఉన్న ఇంట్లో శనివారం రాత్రి ఏం జరుగుతుందో కూడా వినండి. దాన్ని చీట్ డే అంటారు. ఆ రాత్రి గుమ్మం ముందుకు స్కూటర్లు వస్తాయి. పిజ్జా, పక్కన తీపి నీళ్ళ సీసా, పైన చాక్లెట్టు పోసిన ఏదో. ఏకాదశికి ఒకనాడు పస్తుండి మిగతా రోజులు తినేవాళ్ళు మా పెద్దవాళ్ళు. వారమంతా పస్తుండి ఒకనాడు తింటారు వీళ్ళు. "మరి నాకు?" అంటే, "నీకు ఇంకా అలవాటు కుదరలేదు కదా నాన్నా" అని ఒక ముక్క, అంచు తుంచి, ఇస్తుంది. ఆ రాత్రి తన జబ్బకు యంత్రం ఉండదు. మర్నాడు మధ్యాహ్నం దాకా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడదు. ఏం తిన్నావమ్మా అని నేను అడిగితే మర్యాదగా ఉండదు.

ఇలా అన్ని వైపులా ఓడిపోతున్న సమయంలో, ఆ పదిహేడు మార్గదర్శకాల పుస్తకంలోనే నాకొక ఆయుధం దొరికింది. భోజనానికి గంట ముందూ గంట తర్వాతా టీ, కాఫీ తాగొద్దు, వాటిలోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. మా ఇంట్లో ఈ నేరం రోజూ చేస్తున్నది నేను కాదు, మా ఆవిడ. అందరి కంచాలూ తీశాక, రెండున్నర ప్రాంతంలో, వంటింట్లో గట్టుకు ఆనుకుని నిలబడి, మిగిలిన పావులో ఉన్నది తిని, చెయ్యి కడుక్కుంటూనే టీ పెట్టుకుంటుంది. పప్పు అయిపోతే ఉత్త పచ్చడితో సరిపెడుతుంది. కూర అయిపోయిందని ఏనాడూ చెప్పదు. ప్రతివాద పత్రం దాఖలు చేసే ఉత్సాహంతో ఈ సంగతులన్నీ రాత్రి భోజనాల దగ్గర చదివి వినిపించాను.

మా అమ్మాయి చెంచా కింద పెట్టేసింది. సాయంత్రమయ్యేసరికి కాళ్ళు లాగుతున్నాయని, మెట్లెక్కితే ఆయాసమొస్తోందని మా ఆవిడ అంటూనే ఉంది, ఎప్పటి నుంచో. దానికి ఎవరూ గీత గియ్యలేదు. ఆవిడ విసుక్కుంటే మాత్రం ఏం తిన్నావని ఈ ఇంట్లో ఎవరూ అడగలేదు, ఆవిడ స్వభావమే అంత అనుకున్నాం. పొద్దున్నే పరీక్ష చేయించారు. హిమోగ్లోబిన్ ఆడవాళ్ళకు కనీసం 12 ఉండాలి, తొమ్మిదిన్నర కూడా లేదు. "ఇదేం వింత కాదు" అంది డాక్టరమ్మ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఉన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6. పాడీపంటా ఉన్న రెండు రాష్ట్రాల్లో సగానికి పైగా ఆడవాళ్ళు నీరసంతోనే ఇల్లు నడుపుతున్నారు. మేం దాన్ని వాళ్ళ మూడ్ అంటున్నాం.

నా ప్రతివాదం గెలిచింది. గెలుపు ఫలితాలు ఇవి. ఇనుము మాత్రలు ఆవిడకు. తోటకూర, మునగాకు, పైన నిమ్మకాయ పిండడం అందరికీ, పులుపులోని సి విటమిన్ ఆ ఇనుమును ఒంటికి పట్టిస్తుందని. టీ, కాఫీల వేళ ఇంటిల్లిపాదికీ మారింది, అంటే నా పన్నెండింటి కాఫీ కూడా పోయింది. ఆవిడ అందరితో పాటు కూర్చుని తినాలి. అలా కూర్చుంటే వడ్డించేదెవరు? నేను. ఇన్నేళ్ళూ పెరుగన్నంలోకి వేడివేడిగా వచ్చే అప్పడం ఇప్పుడు నేనే లేచి కాలుస్తున్నాను, నూనెలో వేయించడం ఎలాగూ నిషేధమే. ఒక వైపు మాడుతోంది, రెండో వైపు పచ్చిగా ఉంటోంది. మా అమ్మ దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, పక్కన పెట్టేస్తుంది.

అన్నిటికంటే పెద్ద అన్యాయం మూణ్ణెల్లు తిరిగేసరికి బయటపడింది. మా ఆవిడకు ఓపిక వచ్చింది. ఆ ఓపికంతా తెచ్చి నా మీద పెట్టింది. ఇదివరకు చూసీచూడనట్టు పోనిచ్చిన రెండో గరిటె నెయ్యిని గాల్లోనే ఆపుతోంది. ఆఫీసు సంచీ తడుముతోంది. పడకగది అలమర పై అరలో, పాత డైరీల వెనక జంతికల డబ్బా ఒకటి పెట్టుకున్నాను. స్టూలెక్కితే తప్ప అందదు. స్టూలెక్కే ఓపిక ఆవిడకు లేదన్న ధైర్యంతోనే అక్కడ పెట్టాను. మొన్న శుక్రవారం బూజు దులుపుతానని స్టూలెక్కింది, రెండేళ్ళలో మొదటిసారి. డబ్బా దింపి, మూత తీసి, జంతికలు లెక్కపెట్టి, అమ్మాయికి అప్పగించింది.